టబ్బులో బావగారు

సిమెంటును కుంపటి పెట్టి ఆరబెట్టిన మొనగాణ్ని నేనే. ఏ మేస్త్రీకి చెప్పినా ముందు నవ్వుతాడు, తర్వాత జాలిపడతాడు. అది తడిగా ఉంటేనే గట్టిపడుతుందని నాకప్పుడు తెలియదు. అరకు చలిలో తువ్వాలే వారానికి గాని ఆరదు, ఇక సిమెంటేం ఆరుతుందిలే అనుకున్నాను.

తొంభైల చివర్లో అక్కడి బడిలో పంతుల్ని. మా ఓనరమ్మకు కొండ మీద కాఫీ తోట ఉండేది. షూటింగులకొచ్చే సినిమావాళ్లు దిగుతారని ఎవరో చెబితే, మేడ మీద వాటా వేయించి అందులో మనిషి కాళ్లు చాపుకుని స్నానం చేసే తెల్లటి టబ్బు పెట్టించింది. సినిమావాళ్లు రాలేదు, నేనొచ్చాను. స్నానాలగదంతా టబ్బే. చెంబు పెట్టుకోవడానికి కూడా వేరే చోటు లేదు. అయితే టబ్బుకూ గోడ పలకలకూ మధ్య పూసిన తెల్ల సిమెంటు పగిలిపోయింది. ఆ సందులోంచి నీళ్లు దిగి కింద గదిలోని కాఫీ బస్తాల మీద పడేవి. స్నానం నాకు, అభిషేకం బస్తాలకు.

ఒకనాడు ఓనరమ్మ గుప్పెడు బూజుపట్టిన గింజలతో మెట్లెక్కి వచ్చింది.

"ఏటి మాస్టారూ ఇది? తానం మీరు సేత్తే తడిసేది నా కాపీయా? ఇంకోపాలి సుక్క పడిందంటే సామాన్లు సదురుకోండి."

ఊళ్లో మరో అద్దె ఇల్లు లేదు. అందుకే ఆ కుంపటి వైద్యం. మర్నాటికి నా పూత ఎండిన చెరువులా నోళ్లు తెరిచింది. సిమెంటు పట్టు తప్పినా నేను పట్టు వదల్లేదు. ఈసారి తడిగుడ్డలు కప్పి రెండోపూత వేశాను. అది రాయిలా బిగిసింది. సంబరపడి టబ్బులో కూర్చున్నానో లేదో, టిక్కుమని చీలింది.

"సిమెంటు తప్పు కాదండీ," అంది మా ఆవిడ, గుమ్మంలోంచి. "మీరు కూర్చోగానే టబ్బు కిందికి దిగింది. లోపల బరువుంచి పుయ్యాలి."

"నీళ్లు నింపుదామా?"

"అడుగున బిరడా కారుతోందిగా. పూత గట్టిపడేలోపే నీళ్లన్నీ తూములోకి పోయి టబ్బు పైకి లేస్తుంది, మనం సామాన్లు సర్దాలి."

సరిగ్గా అప్పుడే ఆ బరువు రైలు దిగింది. ఆవిడ అన్నగారు, నాకు బావగారు, బొర్రా గుహలు చూడ్డానికి వచ్చారు. మనిషి నిండుగా ఉంటారు, నోరు ఇంకా నిండుగా ఉంటుంది. టబ్బు చూడగానే మొదలుపెట్టారు.

"ఏటి బావా, బొర్రాలో నీరు కారితే టిక్కెట్టెట్టి సూపిత్తారు, నువ్వు ఊరికే సూపిత్తన్నావేటి! ఓ సందు పూడ్సడం రాదా నీకు?"

సందు దొరికినప్పుడల్లా ఆ సందు గురించే. టీ కొట్టులో చెప్పారు, ఓనరమ్మకు చెప్పారు, ఆఖరికి మా హెడ్మాస్టరుకూ చెప్పారు.

మర్నాడు పొద్దున్నే చేతులు కట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను. "బావగారూ, మా ఇల్లు నిలబడాలంటే మీరు కూర్చోవాలి."

పొగడ్త అనుకున్నారు కాబోలు. లుంగీ, స్వెట్టరు, మంకీ క్యాపుతో టబ్బులోకి దిగారు. చెల్లెలు వెనక దిండు పెట్టింది. చుట్టూ కొత్త సిమెంటు కూరి, తడిగుడ్డ పరిచాను. "గట్టిపడేదాకా కదలకండి. కదిలారా, మేం వీధిలో పడతాం."

కింద ఓనరమ్మ బస్తాల పక్కనే పీట వేసుకుని కప్పు కేసి చూస్తూ కూర్చుంది. చెప్పొద్దూ, ఆ పూత మేం బదిలీ అయ్యేదాకా చెక్కుచెదరలేదు. మళ్లీ ఒక్క గింజ తడవలేదు.

పూసిన రోజు మధ్యాహ్నం వంటింట్లోంచి మిరపకాయ బజ్జీల వాసన వచ్చింది. బావగారు గొంతు తగ్గించారు.

"ఇంకెంతసేపు బావా? నడుం పట్టేసింది. ఓపాలి సూడు."

వంగి వేలితో నొక్కి చూశాను. ఎప్పుడో రాయైపోయింది.

"ఇంకా పచ్చిగానే ఉంది బావగారూ," అని చెప్పి, బజ్జీలు తినడానికి వెళ్లాను.