నాలుగు డిగ్రీల వంపు

నూట ముప్పై అడుగుల ఎత్తున, నడుము బెల్టుకు వేలాడుతూ కునుకు తీయగల మనిషి క్రాంతి కుమార్. సెల్ టవర్లెక్కడమే అతని పని. అలాంటివాడు వారం రోజులుగా ఆళ్లగడ్డలో అద్దె గదిలో కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. టీ సగం తాగి లేస్తాడు. చెప్పులేసుకుంటాడు, మళ్లీ విప్పుతాడు. తప్పు చేసినవాడికి ఇంతకంటే ఏం పనుంటుంది?

చేసిందేమిటంటే, ఊళ్లో ఫోన్లు సరిగా పలకడం లేదని నంద్యాల నుంచి ఇంజనీరు శ్రీకాంత్ చెబితే, ఊరి చివరి టవరెక్కి యాంటెన్నాను నాలుగు డిగ్రీలు కిందికి వంచాడు. టార్చిలైటు కాళ్ల దగ్గరికి దించితే దూరం చీకటవుతుంది కదా, ఇదీ అంతే. ఊరికి సిగ్నలు దండిగా వచ్చింది. రుద్రవరం దారిలోంచి లోపలికున్న నలభై ఇళ్ల పల్లెకు మాత్రం లేకుండా పోయింది. ఆ పల్లెకు ఆ టవరొక్కటే దిక్కు. క్రాంతి కుమార్‌ది ఆ పల్లే. అక్కడి ఆశా కార్యకర్త ప్రమీల అతని భార్య.

చర్చి పక్క బండరాయి మీద నిలబడితే ఎప్పుడూ రెండు గీతలొచ్చేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు. పక్కింటి దీవెనకు నెలలు నిండాయి. నొప్పులొస్తే 108కు ఫోను చేయాల్సింది ప్రమీలే.

శుక్రవారం ప్రమీల ఫోను చేసింది.

"యాడుండావ్?" అన్నాడు ఆత్రంగా.

"నీళ్ల ట్యాంకు మీద. ఈడ ఒక్క గీత వస్తాంది."

"ఆ నిచ్చెన తుప్పు పట్టింది గదే! దిగు ముందు!"

"దిగితే, నొప్పులొచ్చినప్పుడు ఇంగ యాడికెక్కల్ల?"

వెంటనే శ్రీకాంత్‌కు చేశాడు.

"మన కొలతల్లో ఆ పల్లె లేదు క్రాంతీ. పైవాళ్లకు ఏమని రాయల్ల?" అన్నాడాయన.

ఎందుకుంటుంది! సిగ్నలు కొలిచే కారు తారురోడ్డు దిగదు. కారు పోనిచోట మనుషులుండరని కాబోలు వాళ్ల నమ్మకం.

ఆదివారం సిగ్నలు కొలిచే ఫోను పట్టుకుని పల్లెకు పోయాడు. రాయి మీద, చర్చిలో, దీవెన గడపలో కొలిచి రాసుకున్నాడు. ఏ అంకె చూసినా సిగ్గేసింది. ప్రమీల వెంటే తిరిగింది.

"ఏందయ్యా, ఉన్నట్టుండి ఎట్ల పోయింది?"

"నేనే వంచినా."

ఆమె నిలబడిపోయింది. "వంచేటప్పుడు నేను గుర్తుకు రాలేదా?"

"వచ్చినావు." అబద్ధమాడొచ్చు, ఆడలేదు. "అయినా వంచినా. పని చెప్పినారు, చేసినా."

ప్రమీల అన్నం పెట్టి, తాను తినకుండా దీవెన ఇంటికి పోయింది.

అంకెలు చూశాక శ్రీకాంత్ రెండు డిగ్రీలు పైకి లేపమన్నాడు. అంతకు మించితే ఊరివాళ్లు ఊరుకోరు. రెండుతో రాయి దాకా అందుతుందా? సోమవారం ఎక్కి, తిప్పి, బిగించి దిగాడు. ప్రమీలకు చేస్తే అందుబాటులో లేరంది. మంగళవారమూ అదే మాట. ఆ రెండు రోజులూ అతనికి అన్నం సయించలేదు.

బుధవారం మధ్యాహ్నం ఫోను మోగింది.

"మళ్లా ట్యాంకెక్కినావా?" అని అరిచాడు.

"రాయి మీదుండా. దీవెనకు నొప్పులు. 108కు చేసినా, బండి వస్తాంది. నువ్వు ఇంగ చేయొద్దు, డ్రైవరు దారి అడిగేదానికి చేస్తాడు."

పెట్టేసింది. క్రాంతి కుమార్ ఫోను గూట్లో పెట్టి, పొద్దుగూకేదాకా దాని ఎదురుగా కదలకుండా కూర్చున్నాడు.