మొహంజొదారోలో కార్ పార్కింగ్

అమీర్‌పేటలో హాస్టల్ మంచమూ, మొదటి ఉద్యోగమూ ఒకే వారంలో దొరికిన ఆ రోజుల్లో, భయపడడం తప్ప ఇంకే పనీ నాకు పూర్తిగా చేతనయ్యేది కాదు. లిఫ్టంటే భయం, మెట్రో తలుపులంటే భయం, హాస్టల్ ఆంటీ అంటే మరీను. భీమవరంలో బీఏ హిస్టరీ చదివి (మా ఇంట్లో దాన్ని చదువని ఎవరూ ఒప్పుకోలేదు) వచ్చిన నన్ను పనిలో పెట్టుకున్నది మోడళ్లు చేసే ఓ చిన్న వర్క్‌షాపు. అపార్ట్‌మెంట్లు కట్టకముందే వాటిని బల్ల మీద బుల్లిగా కట్టి చూపించడం మా పని. ఓనర్‌ని అందరం ఫికర్ అన్న అనేవాళ్లం. "ఫికర్ చెయ్యకు" అని ఆయన అన్నాడంటే కొంప మునిగిందని అర్థం.

శ్రీనగర్ కాలనీలో ఒక స్కూలువాళ్లు సింధు నాగరికత నగరం మోడల్ కావాలన్నారు. చూసి ఒప్పుకోవాల్సింది అక్కడ హిస్టరీ చెప్పే పెద్ద మేడమ్. చేతిలో స్కేలు లేకుండా ఆవిణ్ణి ఎవరూ చూడలేదట. అన్న నన్ను పిలిచి, "చెల్లె, నీ హిస్టరీ మీద నమ్మకంతోటి ఒప్పుకున్న. పీస్ వాపస్ వస్తే నువ్వు సుత ఊరికి వాపస్. ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఆ పూట నుంచి నాకు అన్నం సయించలేదు. "నెలలో తిరిగొచ్చేస్తావులే" అని నవ్వుతూ బస్సెక్కించిన మా నాన్న మాట నిజమవుతుందేమోనన్నదే నా అసలు భయం.

ప్రాణం పెట్టి చేశాను. తాడు పట్టి గీసినట్టు తిన్నటి వీధులు, పెద్ద వీధిలోకి కాకుండా పక్క సందుల్లోకి తెరుచుకునే తలుపులు, గోడల వెంట ఇటుకలు కప్పిన మురుగు కాలవలు, ఎత్తు మీద మహాస్నానవాటిక. "మెయిన్ రోడ్డు ఫేసింగ్ ఇడిసిపెట్టి సందులకు తలుపులేంది? ఎవడు కొంటడు?" అని అన్న మథనపడ్డాడు. కొనేవాళ్లు పోయి వేల ఏళ్లయింది అన్నా అని నచ్చజెప్పి, రంగులు ఆరబెట్టి హాస్టల్‌కి వెళ్లాను.

మర్నాడు నేను వచ్చేసరికే మోడల్‌కి గుడ్డ కట్టి ట్రాలీ ఆటో ఎక్కించేశారు. అన్న డ్రైవర్ పక్కన, నేను వెనక మోడల్ పట్టుకుని. మెట్రో స్తంభాల కింద గాలికి గుడ్డ లేచింది. ప్రతి ఇంటి ముందూ ఓ కారు, వీధి పొడుగునా కొబ్బరి చెట్లు, స్నానవాటికలో నీలం నీళ్లు, గట్టున గొడుగు కింద పడక కుర్చీలు!

"అన్నా, ఏంటిది?" అని అరిచాను.

"లైఫ్ పెట్టిన" అన్నాడు గర్వంగా. (కార్లూ చెట్లూ మనుషుల బొమ్మలూ అంటించడాన్ని మా షాపులో అలా అనేవాళ్లం. అది లేకుండా మా గడప దాటిన మోడల్ లేదు.) "గా లైఫ్ లేకుంటె బోడిగుండు లెక్కుండె. ఫికర్ చెయ్యకు."

ఇక పీకడం మొదలుపెట్టాను. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర పచ్చదీపం పడకూడదని జీవితంలో మొదటిసారి దేవుడికి మొక్కుకుంటూ గోళ్లతో కార్లు పెకలించాను. పక్కన బైక్ ఆపిన పెద్దమనిషి తొంగి చూసి, "ఏ వెంచరమ్మా? గజం ఎంత నడుస్తుంది?" అన్నాడు. "అన్నీ అమ్ముడైపోయాయండీ" అన్నాను ఏడుపు గొంతుతో. "గప్పుడేనా? మస్తు డిమాండుంది" అని నిట్టూర్చి పోయాడు. స్కూలు గేటు వచ్చేసరికి చెట్లూ కార్లూ కుర్చీలూ నా సంచీలో చేరాయి. నీళ్లు మాత్రం ఉండొచ్చని నాకు నేనే తీర్పిచ్చుకున్నాను.

మేడమ్ స్కేలు పెట్టి వీధులు కొలిచారు. తలుపులు చూశారు, కాలవలు చూశారు. నేను సంచీ మూతి గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. అంతలో స్కేలు ఓ సందులో ఆగింది. జీన్స్ ప్యాంటూ భుజాన సంచీతో వేలిగోరంత ఆడపిల్ల బొమ్మ, ఓ మూసిన తలుపు ముందు నిలబడి ఉంది. పీకేటప్పుడు అది నా కంట పడలేదు. అన్న కళ్లు మూసుకున్నాడు.

"ఎవరీ అమ్మాయి?"

"కొత్తగా వచ్చింది మేడమ్" అన్నాను.

"ఎక్కడికి?"

"హాస్టల్‌కండీ" అనేసి నాలుక కరుచుకున్నాను.

ఆవిడ నా ముఖం వైపూ, భుజాన నా సంచీ వైపూ, జిగురంటిన నా గోళ్ల వైపూ చూశారు. "తలుపు తీస్తారంటావా?" అన్నారు మెల్లగా.

"తెలీదండీ. భయంగా ఉంది."

అంతవరకూ ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. ఆవిడ స్కేలు పక్కన పెట్టేశారు. "ఇంత ఊళ్లో ఒక్క మనిషైనా ఉండాలిగా. ఉండనీ" అని, మోడల్ తీసుకుంటున్నామని అన్నకి చెప్పారు. వాకిలి దాటగానే అన్న, "చెప్పలే? లైఫ్ ఉండాలె" అన్నాడు. నేను మెట్ల మీద కూర్చుని హాయిగా ఏడ్చాను.

ఇప్పటికీ అటు పని పడితే స్కూల్లో మోడల్ పెట్టిన గదిలోకి తొంగి చూస్తాను. మోడల్‌కి అద్దాల పెట్టె కట్టించారు, నీలం రంగు వెలిసింది. ఆ పిల్ల మాత్రం అదే తలుపు ముందు బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంది. తీశారే పిచ్చిమొహమా, లోపలికి పద, అని చెప్పాలనిపించి అద్దం మీద వేలు పెడతాను. "అద్దం ముట్టుకోవద్దు" అని ఆయా కసిరితే ఉలిక్కిపడి వెనక్కి తీసుకుంటాను.