వంగపండు రంగు మందు

మందుల పరిశోధనశాలలో ఆమెను అందరూ రంగులపెట్టె అంటారు. లోహాలతో కొత్త మందులు తయారు చేయడం ఆమె పని. ఆమె బల్ల మీద సీసాల్లో పసుపో, నారింజో, ఆకుపచ్చో ఏదో ఒకటి కుతకుతలాడుతూనే ఉంటుంది. కోటు అంచుకు ఏదో ఒక మరక అంటించుకుని గానీ ఇంటికి రాదు. యాభై దగ్గరపడుతున్నా మంచి రంగు తేలితే చిన్నపిల్లలా గంతులేస్తుంది. పోనీ, వేయనివ్వండి. ఆ ఉద్యోగంలో గంతులేసే రోజులు తక్కువ.

ఆమె ఉండేది మేడ మీద. కింది వాటాలో ఆమె మొగుడి అక్క బట్టలు కుడుతుంది. ఈ వదినామరదళ్ళకు ఒకరినొకరు దెప్పుకోనిదే పూట గడవదు. కిందటేడు వదినకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ప్లాటినంతో చేసిన మందు నరంలోకి ఎక్కించారు. "ఒంటి మీద పిసరు బంగారం లేదు గానీ, ఒంట్లో మాత్రం ప్లాటినం పారుతోంది," అని ఆవిడ వార్డంతా నవ్వించింది. మందు పనిచేసింది, గడ్డ పోయింది. పోతూపోతూ వేళ్ళ కొసల్లో స్పర్శను కూడా పట్టుకుపోయింది. బట్టలు కుట్టే మనిషికి వేళ్ళు మొద్దుబారితే ఇంకేముంది? సూది గుచ్చుకున్న సంగతి బట్ట మీద నెత్తుటి చుక్క చూశాకే తెలిసేది. స్పర్శ మెల్లగా తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నారు డాక్టరుగారు.

ఆ నెత్తుటి చుక్కలు చూసి రంగులపెట్టె ఊరుకోలేకపోయింది. క్యాన్సర్ కణాల్ని చంపాలి గానీ నరాల జోలికి పోకూడదు, అలాంటి మందు చేసి తీరాలని పట్టుబట్టి కూర్చుంది. ప్లాటినం వదిలి రుథీనియం అనే లోహం పట్టుకుంది. నానా తంటాలు పడ్డాక సీసా అడుగున నిగనిగలాడే వంగపండు రంగు పొడి తేలింది. ఆ రంగు చూసి ఆమె మురిసిపోయింది.

ఇక పరీక్ష. చిన్న చిన్న గుంటలున్న పలకలో రొమ్ము క్యాన్సర్ కణాలు పెంచి, వాటి మీద మందు పోస్తారు. తర్వాత ఒక పసుపు ద్రావణం కలుపుతారు. బతికున్న కణాలు దాన్ని ఊదా రంగుకు మారుస్తాయి, చచ్చినవి మార్చలేవు. ఊదా ఎంత చిక్కగా ఉందో యంత్రం కొలిచి చెబుతుంది. ఆ రోజు అన్ని గుంటలూ చిక్కటి ఊదాయేనని చెప్పింది.

"మన మందు తాగి అవి ఇంకా బలిసినట్టున్నాయమ్మా," అన్నాడు ల్యాబు పెద్దాయన. "దీన్ని ఇంతటితో వదిలేద్దాం. రేపు పారబోసేయండి."

రంగులపెట్టె పలకను పక్కన పెట్టేసింది. సాయంత్రం మేడ ఎక్కకుండా తిన్నగా వదిన దగ్గరకే వెళ్ళింది.

"మొహం అలా వేలాడేశావేంటే?"

"మందు పోయింది వదినా."

వదిన కుట్టుమిషను ఆపింది. "ఊరికే కూర్చుంటే ఇంకా దిగులేస్తుంది గానీ, ఆ లైనింగు గుడ్డలు తడిపి పెట్టు. తడపకుండా కుడితే తర్వాత కుంచించుకుపోతాయి."

రంగులపెట్టె మనసెక్కడో పెట్టుకుని చేతికందినవన్నీ ఒకే బకెట్లో పడేసింది. తెల్ల లైనింగుతో పాటు కొత్త వంగపండు రంగు గుడ్డ కూడా మునిగింది. తీసి చూస్తే తెలుపు తెలుపుగా లేదు.

"కొంప ముంచావు కదే," అంది వదిన. "పొద్దస్తమానం రంగుల్లో మునిగి తేలుతావు, రంగు దిగుతుందని తెలీదూ?"

"వదినా, ఇది ఈ గుడ్డ రంగు కాదు."

"కాక మా తాత రంగా?"

"పక్క గుడ్డది," అంటూ రంగులపెట్టె నోరు తెరుచుకుని ఉండిపోయింది.

గుంటల్లో కనబడింది కణాల రంగు కాదు, ఆమె మందు రంగు. వంగపండు రంగుకీ ఊదాకీ ఆ యంత్రానికేం తేడా తెలుస్తుంది? కణాలు లేని గుంటల్లో మందొక్కటే పోసి ముందే చూసుకోవాల్సింది. తొందరలో ఆ పని ఎగ్గొట్టింది. ఏ రంగు చూసి మురిసిందో ఆ రంగే ఆమె కళ్ళు కప్పింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి పారబోత ఆపించింది. కొత్త పలకలో మళ్ళీ మొదలుపెట్టింది. రెండు రోజులాగి, ఈసారి మందును శుభ్రంగా కడిగేశాకే పసుపు ద్రావణం కలిపింది. మందొక్కటే పోసిన గుంటలు కూడా పక్కన పెట్టింది. కణాలున్న గుంటల్లో ఊదా జాడే లేదు. మైక్రోస్కోపులో చూస్తే కణాలు ముడుచుకుపోయి తేలుతున్నాయి. పెద్దాయన చాలాసేపు కన్ను తీయలేదు. ఆమె గంతులేసింది. ఆయనా ఒకటి వేశాడు గానీ, అడిగితే ఒప్పుకోడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి వదిన ఆ రంగంటిన లైనింగునే ఒక పాత జాకెట్టుకు చేత్తో కుడుతోంది.

"గెలిచింది వదినా. కానీ గెలిచింది పలకలోనే. నరాల మీద ఇంకా చూడాలి. మనుషుల దాకా రావడానికి ఏళ్ళు పడుతుంది, రాకపోనూవచ్చు." రంగులపెట్టె పక్కనే చతికిలబడింది. "నీ వేళ్ళకు మాత్రం ఏమీ చేయలేకపోయాను."

"చాల్లే, నిన్నెవరు చేయమన్నారు. నా తర్వాత ఈ జబ్బు వచ్చేవాళ్ళకైనా... అబ్బా."

వదిన చెయ్యి వెనక్కి లాక్కుంది. ఇద్దరూ వేలి వంక చూశారు. నెత్తురింకా రాలేదు. చూస్తుండగా మెల్లగా ఒక చుక్క ఉబికింది.

"నొప్పేసిందే," అంది వదిన, తన మాట తనే నమ్మలేనట్టు. "ముందు నొప్పేసింది, తర్వాత నెత్తురొచ్చింది."

రంగులపెట్టె ఏడుస్తూ నవ్వుతూ ఆవిడ చేతిలోంచి సూది లాక్కుంది.

"ఇటివ్వవే," అంది వదిన. "మిగతా వేళ్ళు కూడా చూసుకోవద్దూ?"