మా మామ్మకు వచ్చిన కోపం

ఏలూరు మిషను బడి హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో ఒకనాడు ఇంగ్లీషు పాఠంలో ఇండిగ్నేషన్ అనే మాట వచ్చింది. పందొమ్మిదివందల ముప్ఫైల నాటి సంగతి ఇది. మాకు ఇంగ్లీషు చెప్పే దొరసాని గారు మాటకు అర్థం చెప్పి ఊరుకునే మనిషి కారు, దాని తాతముత్తాతల దాకా వెళ్ళి వచ్చేవారు. లాటిన్ భాషలో 'డిగ్నుస్' అంటే తగినదనీ, ముందు 'ఇన్' చేరిస్తే తగనిదనీ నల్లబల్ల మీద రాశారు. తగని పని కళ్ళెదుట జరిగినప్పుడు న్యాయంగా పుట్టే కోపం ఇండిగ్నేషన్ అన్నారు. మన కంచంలో కూర తక్కువ పడిందని వచ్చేది ఉత్త కోపమేనట. హాస్టల్లో మాకు రోజూ వచ్చేది ఆ రెండో రకమే.

పూర్వం ఇంగ్లీషులో ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉండేదని చెప్పారు. ఎదుటి మనిషిని తగనివాడిగా ఎంచి మొహం తిప్పుకోవడాన్ని కూడా అదే మాటతో అనేవారట. ఆ అర్థం ఎప్పుడో వాడుకలోంచి జారిపోయిందట. అన్యాయం చేసేవాడికీ, దాన్ని చూసి మండిపడేవాడికీ ఒకే మాట ఏమిటని నాకు ఒళ్ళు మండింది. నాది అసలే తొందరగా మండే ఒళ్ళు.

అయినా ఆ మాట నాకు తెగ నచ్చింది. ఆ కోపాన్ని ఒక్కసారి మనిషి మొహంలో చూడాలనిపించింది. మావాళ్ళలో చూస్తానన్న ఆశ మాత్రం లేదు. మా వైపు తిట్టినా అండీ తగిలించి తిడతారు. మా నాన్నగారు తాడేపల్లిగూడెం దగ్గర ఒక పల్లెలో మిషను బడి పంతులు. బడి కప్పు మీది గడ్డిని మేక పీక్కు తింటుంటే దాన్ని కూడా 'వెళ్ళమ్మా' అని బతిమాలే మనిషి. ఆయన తల్లి, మా మామ్మ, ఆయనకంటే మెత్తన. ఆవిడ గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు.

ఈస్టరు సెలవులకు రైలెక్కి ఇంటికి వచ్చాను. ఆ పండుగ ఆదివారం మా గుడిలో జరిగింది నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

మా గుడిలో ఊరి చివరి పేటవాళ్ళమైన మేమూ, ఊళ్ళో భూములున్న పెద్దింటివారూ కలిసే ఆరాధన చేసేవాళ్ళం. వాళ్ళ పెద్దలు మా తాతల నాడే మతంలో కలిశారు. కలిసేటప్పుడు కులాన్ని మాత్రం గుమ్మం బయట వదిలి రాలేదు. ముందు చాపలు వాళ్ళవి, వెనక చాపలు మావి. ఏసుప్రభువు పేర సంస్కారం ఇచ్చేటప్పుడు ద్రాక్షారసం గిన్నె ముందు వాళ్ళ పెదవులకు అందేది, వాళ్ళందరూ తాగాకే మా వంతు. ఈ పద్ధతిని ఎవరూ రాయలేదు, ఎవరూ నోటితో అనలేదు. అందరికీ తెలుసు, అంతే.

ఆ ఏడు మా గుడికి కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారికి మాత్రం తెలియదు. ఆయనది కృష్ణ అవతలి ఊరు. నాన్నగారు చెప్పాల్సింది. ఒకటికి రెండుసార్లు చెప్పబోయి ఊరుకున్నారట. "అలాంటి మాట నోటితో ఎలా చెబుతామండీ, ఆయనే చూసి తెలుసుకుంటారు కదండీ" అని ఆ తర్వాత అమ్మతో అన్నారు. పెద్దింటి యజమాని, మా సంఘపెద్ద కూడా చెప్పలేదు. చెబితే తనకే చిన్నతనం అనుకున్నారేమో. ఇద్దరి మర్యాదా కలిసి కొంప ముంచింది.

ప్రార్థనలో అందరం మోకాళ్ళూని, మేము యోగ్యులం కామని ఒకే గొంతుతో చెప్పుకున్నాం. పెద్దింటివారూ చెప్పారు. ఆమెన్ అన్నాక అయ్యగారు గిన్నె ఉన్న బల్ల దగ్గరి నుంచి తిన్నగా వెనక చాపల దాకా వచ్చేశారు. గుడిలో అందరికంటే పెద్ద మా మామ్మ, పైగా కళ్ళకు పొరలు కమ్మాయి. "రండమ్మా, ముందు మీరు" అని చెయ్యి పట్టుకుని నడిపించుకు వెళ్ళారు. నాన్నగారు సగం లేచి మళ్ళీ కూలబడ్డారు. మామ్మకు ముందెవరున్నారో వెనకెవరున్నారో కనబడదు. మోకరించి, గిన్నె అందుకుని తాగింది.

ముందు చాపల మీద సంఘపెద్ద లేచారు. ఆయన వెనకే వాళ్ళింటి మగవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు లేచారు. ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. బల్ల వైపు వీపులు తిప్పి బయటికి నడిచారు. అయ్యగారు గిన్నె పట్టుకుని "రండి, రండి" అని పిలుస్తూనే ఉన్నారు. ఒక ముసలమ్మ పెదవి తగిలితే దేవుడి గిన్నె కూడా మైలపడుతుందా? మామ్మ నా దగ్గరికి తిరిగి వచ్చి, "ఏమే, అందరూ ఎటెళ్తున్నారే?" అని అడిగింది. ఇంటికెళ్ళాక చెబుతానన్నాను.

గిన్నెలోది మిగలకూడదు, బయట పారబోయకూడదు. మా అందరి వంతూ అయ్యాక అయ్యగారు మమ్మల్నే మళ్ళీ పిలిచి తాగించారు.

ఇంటికి వచ్చాక మామ్మకు జరిగిందంతా చెప్పాం. "గిన్నె బరువుగా ఉంటే ఏవిటా అనుకున్నానే. ఇన్నేళ్ళూ నాకు అడుగునున్నదే అందేది. అంత నిండుగా ఉంటదని తెలీదు" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

నాన్నగారి ఉద్యోగం సంఘపెద్ద మాట మీద నిలబడి ఉంది. ఆయన వద్దంటే ఆ ఊళ్ళో మాకు ఇల్లూ లేదు, కూడూ లేదు. అందుకని మర్నాడు నాన్నగారు మామ్మను తీసుకుని పెద్దింటికి బయల్దేరారు. చెయ్యి పట్టుకుని నడిపించడానికి నేనూ వెళ్ళాను. "పొరపాటైందని ఒక్క మాట అనమ్మా, చాలు" అని దారంతా చెబుతూనే ఉన్నారు. "సరేలేరా" అంది మామ్మ.

సంఘపెద్ద అరుగు మీద కూర్చున్నారు. మేం వాకిట్లో నిలబడ్డాం. "రండి మాస్టారూ. ముసలావిణ్ణి ఎండలో ఎందుకు నడిపించారండీ?" అన్నారు ఎంతో మర్యాదగా.

మామ్మ చేతులు జోడించింది. "బాబుగారూ, నాకు కళ్ళు ఆనవండి. అయ్యగారు చెయ్యి పట్టుకుంటే ఎళ్ళానండి."

నాన్నగారు ఊపిరి పీల్చుకున్నారు.

"నన్ను చూసి మీరు లేచెళ్ళారంటే అది మాకు కొత్తేం కాదండి. దానికి నేనేం అనుకోలేదండి. కానీ బాబుగారూ, ఆయన గిన్నె పట్టుకుని పిలుస్తా ఉంటే ఆయనకి వీపు చూపించి ఎళ్ళారండి."

"అయ్యగారికా?" అన్నారు సంఘపెద్ద.

"అయ్యగారికి కాదండి. ఆ గిన్నె ఎవరిదో ఆయనకండి. అది తగదండి."

మజ్జిగ అడిగినంత నెమ్మదిగా అంది ఆ మాట. నేను మామ్మనే చూస్తున్నాను. తగదు. ఏలూరులో నల్లబల్ల మీద రాసిన మాట, చదువు రాని మా మామ్మ నోట తెలుగులో వచ్చింది. ఆ కోపానికి కళ్ళు ఎర్రబడతాయనీ గొంతు లేస్తుందనీ అనుకున్నాను. ఆవిడ జోడించిన చేతులు కూడా విప్పలేదు. వాడుకలోంచి జారిపోయిందన్న ఆ పాత అర్థం ఎక్కడికీ పోలేదని కూడా ఆ వాకిట్లోనే తెలిసింది. ఆదివారం నాడు అది ముందు చాపల మీంచి లేచి నడిచి వెళ్ళింది.

"ఎండ ముదురుతోందండి, వెళ్ళి రండి" అని సంఘపెద్ద లోపలికి వెళ్ళిపోయారు.

నా సెలవులు అయిపోకముందే నాన్నగారికి కొల్లేట్లో ఒక లంకకు బదిలీ అని కబురు వచ్చింది. అక్కడి బడికి గోడలు కూడా లేవని చెప్పుకున్నారు. ఆకివీడులో రైలు దిగి, సామాను వేసుకుని పడవ ఎక్కాం. ఇంత జరిగినా నాన్నగారు మామ్మతో ముఖాముఖి మాట్లాడింది లేదు. ఆయనకు కోపమని అమ్మా నేనూ అనుకున్నాం. పడవ కిక్కిస గడ్డి మధ్యకు వచ్చాక ఆయన నీళ్ళకేసి చూస్తూ, "ఆ మాట నేను అనాల్సిందమ్మా" అన్నారు.

"నువ్వు ఉద్యోగస్తుడివిరా, నీకెలా కుదురుద్ది?" అంది మామ్మ. ఆ వెంటనే, "ఈ లంకలో గుడి ఉందా?" అని అడిగింది.

"పాక ఉందటమ్మా."

"అక్కడా గిన్నెకి వంతులున్నాయేమో కనుక్కో. ఉంటే నాకు ముందే చెప్పు. ఈసారి నేను తాగకముందే అడుగుతాను, ఇది తగునా అని."