దీవిలో కట్టని కాసినోకు వంట మాస్టరు

కువైట్‌లోని సల్వాలో మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, ఇంట్లో నేను డ్రైవర్ని. జగిత్యాల నుంచి వచ్చిన, నేను తమ్ముడని పిలిచే కుర్రాడు వంటవాడు. యజమానిని బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ పిలుస్తాం. తమ్ముడికి అరబ్బీ అంతంత మాత్రం. వాళ్ల మాటలు అతనికి తెలుగులో చెప్పే బాధ్యత నాది. దాన్ని నేను కడపవాడికి తగ్గట్టు, ఒకటికి పది కలిపి, ధారాళంగా నిర్వహించేవాణ్ణి.

బాబా నలుగురితో కలిసి ఒక కాసినో రిసార్టు తలపెట్టాడు. కువైట్‌లో జూదం మాటెత్తడానికే లేదు గనుక అది ఎక్కడో వేరే దేశపు దీవిలో. దాని నమూనా దివానియాలో, అంటే మగవాళ్లు కూర్చునే హాల్లో, అద్దాల పెట్టెలో ఉండేది. అగ్గిపుల్లంత ఖర్జూరపు చెట్లు, సబ్బుబిళ్లంత ఈతకొలను. నేను ఫోన్లో ఊరివాళ్లకు వర్ణించేసరికి ఆ కొలనులో ఓడలు తిరిగేవి.

ఒక మధ్యాహ్నం అతిథులు తమ్ముడు వండిన మాంసం అన్నం తిని వేళ్లు నాకారు. బాబా నవ్వి, "నీ చెయ్యి మంచిది, రిసార్టుకు తీసుకుపోతా" అన్నాడు.

"ఏమంటున్నడే అన్న?"

"నువ్వే పెద్ద మాస్టరంట. నీ కింద రెండు నూర్ల మంది వంటోళ్లు. ఇంగ ఉల్లిగడ్డ ముట్టుకునే పనే లేదప్పా! రుచి చూసేదానికి వెండి గరిటె, ఆ గరిటె పట్టుకునేదానికి ఇంగో మనిషి."

"గరిటె పట్టనీకి సుత మనిషా!"

నేను అక్కడితో ఆగినా తమ్ముడు ఆగలేదు. వారం తిరక్కుండా మామా దగ్గరికి పోయి, "మామా, ఖలాస్. నేను దీవికి" అని వచ్చిన ముక్కల్లో చెప్పేశాడు. ఆమె ముఖం ముడుచుకుని కొత్త వంటవాడి కోసం పనివాళ్లను పంపే ఆఫీసుకు ఫోన్ చేసింది.

ఇక్కడ ఒక రివాజు ఉంది. వెళ్లేవాడికి తోటివాళ్లు విందు ఇస్తారు, వెళ్లేవాడు తన సామాను వాళ్లకు పంచుతాడు. శుక్రవారం మంగఫ్‌లో అతని ఊరివాళ్లు వండిన మటన్‌కు, నా అంచనాలో, మూడు మందలు ఖాళీ అయ్యాయి. తమ్ముడు రైస్ కుక్కరు, రగ్గు, చివరికి దువ్వెన కూడా పంచిపెట్టి వచ్చాడు.

సోమవారం బాబా కారెక్కుతూ చెప్పాడు: భాగస్వాములు తగవుపడ్డారు, దీవిలో ఒక్క ఇటుకా పడదు, రిసార్టు ఖలాస్.

ఆ మాటను పెంచడం నావల్ల కాలేదు. విన్న తమ్ముడు స్టవ్ ఆర్పేశాడు. అతని దిగులు ఇఖామా గురించి, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే అనుమతి.

"నెలాఖరుకు నా ఇఖామా అయిపోతది అన్న. కొత్తోడు ఎల్లుండి వస్తుండు. మామా ఉంచుకోకుంటే ఇంటికే పోవాలె. మంగఫోళ్లు నవ్వుతె నవ్వనీ, నన్నైతె ఉంచుమని జెప్పు."

మామా ముందు నిలబడి ఉన్నదంతా ఒప్పుకున్నాను. బాబా చెప్పింది ఇంత, నేను చేసింది అంత అని చేతులు చాపి చూపించాను.

"మీ బాబా నాకు ఆ రిసార్టులో పై అంతస్తు మొత్తం ఇస్తానన్నాడు. పరదాల రంగు కూడా ఎంచుకున్నాను" అంది ఆమె. నవ్వు ఆపుకోలేక ఫోన్ నా చేతిలో పెట్టింది. "ఆఫీసుకు నువ్వే చెప్పు. కొత్తవాడు వద్దు, పాతవాడి ఇఖామా పొడిగిస్తాం. ఇంతే. ఒక్క ముక్క ఎక్కువైతే నీ ఇఖామా సంగతి చూస్తాను."

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ రెండు వాక్యాలకే గొంతు ఎడారైంది.

వంటగది గుమ్మంలో తమ్ముడు కాచుకుని ఉన్నాడు.

"ఏమన్నదే అన్న?"

"ఉండమనింది."

"గంతేనా?"

"అంతే."

తమ్ముడు నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు గింత చిన్నగ జెప్తే నమ్మబుద్ధైతలేదు. మామానే అడిగొస్త" అంటూ చేతులు తుడుచుకుని లోపలికి నడిచాడు.