మూతపడ్డ మిల్లు వేడినీళ్లు

నేను దెయ్యాలను నమ్మను. చిన్నప్పుడు కూడా నమ్మలేదు. నా కోపమంతా మనుషుల మీదే. కానీ మా పొలం దగ్గర జరిగింది చెప్పకపోతే కడుపు మంట చల్లారేలా లేదు.

మెదక్ దాటి హవేలిఘనపూర్ వైపు వెళ్తుంటే, రోడ్డుకు దిగువన మాకు కాస్త వరిపొలం, ఒక బావి ఉన్నాయి. పొలానికి ఎగువన ఉప్పుడు బియ్యం మిల్లు. వడ్లు నానబెట్టి ఉడికించిన నీళ్లను పైపుతో మా కాలువలోకి వదిలేవాళ్లు. దానికి సర్కారు అనుమతి కూడా ఉంది. శుభ్రం చేసి వదలాలన్నది షరతు. వాళ్లు వదిలింది కంపు. చివరికి మా బావి నీళ్లు బర్రెలు కూడా ముట్టలేదు.

నిరుడు మిల్లు మూసేశారు. బాయిలర్‌ను కోసి పాత ఇనుము కింద అమ్మేశారు. కరెంటు తీసేశారు. నీళ్ల తొట్లు ఎండి నెర్రెలు బారాయి. ఇక ఆ అనుమతి రద్దు చేయమని యజమాని దరఖాస్తు పెట్టుకున్నాడు. అది రద్దయితే మా బావితో అతనికి ఏ సంబంధమూ ఉండదు. ముందు బావి బాగుచేసి తర్వాత రద్దు చేసుకోమని నేను అడ్డం పడ్డాను.

తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. తొట్లు చూశాడు. పైపులో పొడుగాటి కట్టె పెట్టి చూశాడు. పొడిగానే బయటికొచ్చింది. నేనూ చూశాను, అబద్ధం ఎందుకు చెప్పాలి?

"సుక్క నీళ్లు లెవ్వు సార్, సూసిన్రు గద" అన్నాడు యజమాని. అధికారి అదే రాసి, పట్టపగలు మా గట్టు మీదే సంతకం పెట్టాడు.

తిరిగి వెళ్తూ మడిలో జారి మోకాళ్ల దాకా బురద చేసుకున్నాడు. మా దగ్గర పొలం దిగినవాళ్లు ఎవరైనా పారే నీళ్లలో కాళ్లు కడుక్కున్నాకే బండి ఎక్కుతారు. అతనూ అలవాటుగా నీళ్ల చప్పుడు విని అటు నడిచి, చెప్పులు విడిచి కాళ్లు చాపాడు. ఆ పైపు కిందే.

"అబ్బా!" అంటూ వెనక్కి దూకాడు. పైపులోంచి నీళ్లు ధారగా పడుతున్నాయి, పొగలు కక్కుతూ. అదే ఉడికిన వడ్ల కంపు. అతని పాదాలు ఎర్రగా కందిపోయాయి. మిల్లులోకి పరుగెత్తి చూశాం. తొట్లలో దుమ్ము దుమ్ములాగే ఉంది.

"గిప్పుడేమంటరు సార్?" అని అడిగాను.

"సంతకం అయిపోయిందమ్మా. మళ్ల రాయాల్నంటే నీళ్లు యాడికెళ్లి వస్తున్నయో రాయాలె. ఏమని రాయాలె నేను?"

"మీ కాళ్లు కాలినయని రాయుండ్రి!" అని అరిచాను. అతను చెప్పులు చేత్తో పట్టుకుని, కుంటుకుంటూ జీపెక్కాడు.

అనుమతి రద్దయింది. నీళ్లు ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తూనే ఉన్నాయి, వేడిగా. మట్టి తవ్వించి చూశాను. పైపు మిల్లు గోడ దగ్గరే తెగిపోయి ఉంది, అవతల ఏమీ లేదు. ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

మిల్లు లేదు, అనుమతి లేదు, కాబట్టి నీళ్లూ లేవట. మరి నా బావి ఎందుకు కంపు కొడుతోందని అడుగుదామంటే, జవాబు చెప్పాల్సిన మనిషి కూడా ఇప్పుడు కాగితాల్లో లేడు.