ఇనుప పలకకు దసరా బొట్టు

కంకిపాడు నల్లమట్టి ఇనుప పలక మీద జారేటప్పుడు ఎంత పట్టు చూపిస్తుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా పరిశోధన. దసరా దాటినప్పటి నుంచి ల్యాబ్ పరీక్షలో మాత్రం ఆ పట్టు సగమే వస్తోంది. తప్పు నా ప్రోగ్రామ్‌దేనని మా గైడ్ గారు రోజూ క్లాసు పీకుతున్నారు. ఈ రోజు పలక తుడుస్తుంటే గుడ్డ ఎర్రబడింది. వెళ్లి గైడ్ గారినే అడిగాను.

“సార్, ఆయుధపూజకి ఈ పలక్కేమన్నా పూశారా?”

“నూనె రాసి బొట్లు పెట్టానమ్మా. పూజంటే అన్నిటికీ చెయ్యాలిగా.”

సబ్బుతో కడిగి మళ్లీ పరీక్షిస్తే, గ్రాఫులో ల్యాబ్ గీత వచ్చి నా కంప్యూటర్ గీత మీద కూర్చుంది. సార్ నవ్వాపుకోలేక అందరికీ పూతరేకులు తెప్పించారు. వచ్చే దసరాకి నా కంప్యూటర్‌కీ పూజ చేస్తారట. నూనె సీసా ఎక్కడ దాచాలో కాస్త చెప్పండి.